అలల గిటారు: గురువు లేని విద్యార్థుల చరిత్ర

“గురువు లేని విద్య గుడ్డి విద్య” అని మన పెద్దలు చెప్పుదురు. నేనును ఆ మాటను నమ్మినవాడనే. నమ్మి యూరకుండక, క్రిందటి సంవత్సరము మా యింట ఆ మాట ననుసరించి యొక చిన్న తీర్పు కూడ చెప్పితిని. ఆ తీర్పు సరియైనదో కాదో తెలిసికొనుటకై వెదకుచు పోగా నాకు దొరకినదే నేడు మీకు వినిపింపబోవు చరిత్ర. కనుక ముందుగా ఆ తీర్పు సంగతి చెప్పి, పిమ్మట చరిత్రలోనికి ప్రవేశించెదను.

మా తమ్ముని మనుమడు పదునాఱేండ్లవాడు. మా యింట నుండి చదువుకొనుచున్నాడు. వాడొకనాడు ఎవరియొద్దనో పాతదానిని కొని, ఒక ఎలక్ట్రిక్ గిటారును ఇంటికి తెచ్చెను. నేర్పువారెవరును లేరు. చేతిలోని ఫోనులో వినుట, వ్రేళ్లు నొచ్చువఱకు మీటుట, తప్పుట, మఱల మీటుట, ఇదియే వాని సాధన. ఒక్క తీగపైననే, రేకులపై వడగండ్లు పడినట్లు, ఎడతెగక మీటుచుండెను. “ఇదేమి సంగీతమురా?” యని అడిగితిని. “దీనిని సర్ఫ్ గిటారు అందురు తాతయ్యా” అని వాడు చెప్పెను. “ఎవరు నేర్పుచున్నారు?” అంటిని. “ఎవ్వరును లేరు, నాకు నేనే నేర్చుకొనుచున్నాను” అనెను. ఆ మాటకు నాకు కోపము వచ్చినది. పరీక్షలు సమీపించినవను నెపముతో ఆ వాద్యమును అటక యెక్కించితిని. పిల్లవాడు ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పియుండినచో నేను గెలిచితినని సంతోషించి ఊరకుండెడివాడను. వాని మౌనమే నన్ను ఆలోచింపజేసెను. ఆ సంగీతమేమో, దానిని నేర్చినవారెట్లు నేర్చిరో తెలిసికొనవలయునని అప్పుడు నాకు తోచినది.

గిటారు మన వీణవలెనే మెట్లు గల తంత్రీవాద్యము. సాధారణముగా దానికి ఆఱు తీగలుండును. ఎలక్ట్రిక్ గిటారునకు కుండవంటి బోలు భాగము అక్కఱలేదు. దాని తీగల క్రింద అయస్కాంతములును, వాని చుట్టును సన్నని రాగితీగ చుట్టయు నమర్చబడియుండును. ఉక్కుతీగ కంపించినపుడు ఆ చుట్టలో మిక్కిలి స్వల్పమైన విద్యుత్ప్రవాహము పుట్టును. దానిని ఆంప్లిఫైయరను యంత్రము పెద్దది చేసి స్పీకరునకు పంపగా ధ్వని వెలువడును. మీ యెదుటనున్న రేడియోలో నా కంఠము మీకు వినబడుటయు ఇంచుమించుగా ఇట్టి ప్రక్రియ వలననే. ఈ పోలికకు కారణమున్నది. ఈ గిటారును తీర్చిదిద్దిన వారిలో ముఖ్యుడైన యొకడు, మొదట రేడియోలు బాగుచేసి బ్రతికినవాడు.

ఆయన పేరు లియో ఫెండర్. 1909లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున జన్మించెను. బాల్యముననే ఒక కన్ను పోయెను. కళాశాలలో ఆయన చదివినది జమాఖర్చుల లెక్కలు. విద్యుచ్ఛాస్త్రమును ఏ కళాశాలలోను చదువలేదు. రేడియోలను విప్పి, కట్టి, తనకు తానే నేర్చుకొనెను. గుమాస్తా యుద్యోగము పోయిన పిమ్మట 1938లో ఫుల్లర్టన్ అను ఊరిలో రేడియోలు బాగుచేయు దుకాణము పెట్టెను. సంగీతపు మేళములవారు తమ యంత్రములను బాగుచేయించుకొనుటకు ఆయన యొద్దకు వచ్చుచుండిరి. వారి కష్టములను వినుచు వినుచు ఆయన గిటారులను తయారుచేయుటకు పూనుకొనెను. 1954లో వెలువడిన స్ట్రాటోకాస్టర్ అను గిటారు నేటికిని లోకమంతట వాడుకలో నున్నది. ఇందులో వింతయేమనగా, ఆయనకు గిటారు వాయించుట ఏనాడును రాలేదు. తనకు రాని విద్యకు పనిముట్టు చేయవలసివచ్చినందున, వచ్చినవారి మాటను చెవియొగ్గి వినుట ఆయనకు అలవడినది. ఈ వినుటయే మన చరిత్రకు మూలము.

ఇక సర్ఫ్ అను మాట. సముద్రతీరమున విఱుగు కెరటమునకు ఇంగ్లీషులో ఆ పేరు. ఆ కెరటములపై పొడవైన పలకమీద నిలిచి, తీరమువైపునకు జాఱుచు వచ్చు క్రీడ యొకటి కలదు. ఇది హవాయి ద్వీపవాసుల ప్రాచీన విద్య. కాలిఫోర్నియా తీరమునకు వచ్చి, రెండవ ప్రపంచయుద్ధానంతరము అచ్చటి యువకులలో మిక్కిలి వ్యాపించెను. మన తీరమున తెప్పను కెరటము దాటించు పల్లెవారి నేర్పును చూచినవారికి ఆ క్రీడలోని ప్రమాదమును, ఆనందమును వేఱుగ చెప్పనక్కఱలేదు. కెరటము పైకెత్తి, ఒక్క క్షణము నిలిపి, పిమ్మట విసరివేయును. ఆ యనుభవమును తీగపై పలికింపవలెనని కొందఱు పిల్లలు ప్రయత్నించిరి. దాని ఫలమే సర్ఫ్ గిటారు.

వారిలో ప్రథముడుగా లెక్కింపబడువాడు డిక్ డేల్. ఆయన యసలు పేరు రిచర్డ్ మాన్సూర్. 1937లో బోస్టన్ నగరమున జన్మించెను. తండ్రివైపువారు లెబనాను దేశీయులు. వారి యింట అరబ్బుల సంగీతము వినబడుచుండెడిది. ఆయన బంధువొకని యొద్ద తరబకీ అను చేతిడోలును నేర్చుకొనెను. ఆ బంధువే ఊద్ అను వాద్యమును కూడ వాయించెడివాడు. ఊద్ అనగా మెట్లు లేక, గుండ్రని పొట్ట గల యొక తంత్రీవాద్యము. దానిని ఈకవంటి మీటుపుల్లతో క్రిందికిని పైకిని వడిగా మీటి, నాదమును తెగనీయక నిలుపుదురు. పిల్లవాడు ఈ రెంటిని విని పెరిగెను.

డేల్ ఎడమచేతివాటము వాడు. మొదట యుకులెలి అను చిన్న వాద్యమును, పిమ్మట గిటారును చేపట్టినపుడు దానిని త్రిప్పి పట్టుకొనెను. కాని తీగల వరుసను మార్చలేదు. ఆ కారణమున ఇతరులకు పైనుండు లావు తీగలు ఈయనకు క్రిందను, క్రిందనుండు సన్నతీగలు పైనను ఉండెను. ఎడమచేతివారు వాద్యమునెట్లు పట్టవలయునో తాను చూచిన పుస్తకములో చెప్పబడలేదని ఆయనయే పిమ్మట నవ్వుచు చెప్పెడివాడు. ప్రక్కన ఒక ఉపాధ్యాయుడున్నచో మొదటినాడే ఆ పొరపాటును దిద్దియుండును. దిద్దువారు లేనందున ఆ పొరపాటు చేతిలో స్థిరపడి, కొంతకాలమునకు అదియే ఆయన బాణీగా మాఱెను.

మహాశయులారా, ఇచ్చట ఒక్క క్షణము ఆగుదము. స్వయముగా నేర్చుకొనుటయన తప్పులన్నియు ఒప్పులగునని నేను చెప్పుటలేదు. నూఱుమందిలో తొంబదిమందికి ఇట్టి తప్పు అడ్డంకియే యగును. డేల్‌నకు అది అడ్డు కాకపోవుటకు కారణము, తప్పును కప్పిపుచ్చక, దానితో దినదినము గంటలకొలది శ్రమించుట. కుడిచేత మీటవలసినదానిని ఎడమచేత మీటుచు, తరబకీ దరువును తీగపైకి తెచ్చుకొనెను. జీన్ క్రూపా అను ప్రసిద్ధుడైన డోలువాద్యకాని రికార్డులు కూడ తనకు గురువులని ఆయన చెప్పుకొనెను. ఏకలవ్యుడు ద్రోణుని మట్టిబొమ్మ నెదుట పెట్టుకొనెను; ఈయన గ్రామఫోను రికార్డు నెదుట పెట్టుకొనెను. భేదము అంతమాత్రమే.

1954లో డేల్ కుటుంబము కాలిఫోర్నియాకు తరలివచ్చెను. తండ్రి విమానముల కర్మాగారమున యంత్రపు పనివాడుగా చేరెను. కుమారుడు సముద్రమును చూచెను, అలలపై నిలుచుట నేర్చుకొనెను. 1961 వేసవిలో బాల్బోవా అను తీరగ్రామమున, 1928లో స్థాపింపబడిన రాందెవూ అను పెద్ద నాట్యశాలలో వాయించుటకు పూనుకొనెను. ఊరిపెద్దలకు ఈ క్రొత్త సంగీతముపై అనుమానము. పిల్లలు చెడిపోవుదురని భయము. నాట్యమునకు వచ్చు మగపిల్లలందఱును మెడకు టై కట్టుకొని రావలయునను నిబంధనతో అనుమతి యిచ్చిరని డేల్ చెప్పెడివాడు. సముద్రమునుండి చెప్పులు లేక వచ్చు పిల్లలకు టై యెక్కడిది? వాకిటనే ఒక పెట్టెనిండ టైలుంచి, వచ్చినవారికెల్ల ఇచ్చి లోపలికి పంపిరట. మొదటి రాత్రి వచ్చినవారు పదునేడుగురేయనియు, ఆ పిమ్మట మూడు నాలుగు వేలమంది వచ్చుచుండిరనియు కూడ ఆయన చెప్పిన మాటయే.

ఇంతమందికి వినబడునట్లు వాయించుట నాటి యంత్రముల వలన కాలేదు. డేల్ లావు తీగలు వేసి, బలముగా మీటెను. ఫెండర్ ఇచ్చిన ఆంప్లిఫైయర్లు వేడెక్కి కాలిపోయెను, స్పీకర్ల కాగితపు గరాటులు చినిగిపోయెను. ఒకటి పోగా మఱియొకటి, ఇట్లు దాదాపు ఏబది యంత్రములు పాడైనవని డేల్ లెక్క. ఇట్టి పిల్లవానిని ఏ వర్తకుడైనను గడప త్రొక్కనీయడు. ఫెండర్ అట్లు చేయలేదు. హవాయిలో జన్మించిన సంగీతజ్ఞుడును, తన సహోద్యోగియు నగు ఫ్రెడీ టవారెస్‌ను వెంటబెట్టుకొని ఒకనాటి రాత్రి ఆ నాట్యశాలకు వెళ్లి, జనసమూహము మధ్య నిలిచి వినెను. అప్పుడు గాని ఆయనకు ఈ పిల్లవాడేమి అడుగుచున్నాడో బోధపడలేదు. తిరిగి వచ్చి, అంతకంటె బలమైన యంత్రమును, పదునైదంగుళముల స్పీకరును సిద్ధముచేసెను. షోమన్ అను పేరుగల ఆ యంత్రము ఇట్లు పుట్టినది. నేర్చుకొనువాడు పాడుచేసిన ప్రతి వస్తువును నేర్పువాడు ఒక ప్రశ్నగా గ్రహించిన ఫలమది.

సర్ఫ్ గిటారునందు వినబడు తడితడి మ్రోత, నూతిలో మాటాడినప్పుడు తిరిగివచ్చు ధ్వనివంటిది, రివర్బ్ అను పేటిక వలన కలుగుచున్నది. అందులో సన్నని ఉక్కు స్ప్రింగులుండును. విద్యుత్ప్రవాహము స్ప్రింగు ఒక కొనను కదల్చగా, ఆ కదలిక రెండవ కొనకు పోయి, మఱల వెనుకకు కొట్టి, అనేక పర్యాయములు ప్రతిధ్వనించును. ఈ యుపాయము మొదట హామండ్ కంపెనీవారి ఆర్గనులలో నుండెను. ఫెండర్ దానిని 1961లో ప్రత్యేకపేటికగా తయారుచేసెను. డేల్ మొదట కోరినది గిటారునకు కాదు, తన గాత్రమునకు. గాత్రమున నాదము నిలువవలెనని కోరి తెప్పించుకొన్నది గిటారునకే చక్కగా కుదిరినది.

ఇప్పుడు మనకు మిక్కిలి సన్నిహితమైన సంగతి యొకటి చెప్పెదను. డేల్ 1962లో రికార్డు చేసిన మిసిర్లూ అను గతి సర్ఫ్ గిటారునకు పతాకవంటిది. అది ఆయన రచన కాదు. తూర్పు మధ్యధరా ప్రాంతపు జనులు చిరకాలముగా పాడుకొనుచున్న పాట. ఆ పేరునకు ఈజిప్టు పడుచు అని అర్థము. గ్రీకు భాషలో 1927 నాటికే గ్రామఫోను రికార్డునకెక్కినది. ఒక్క తీగపైననే ఒక పాటనంతయు వాయింపగలవాయని ఒక బాలుడు డేల్‌ను అడిగెననియు, అప్పుడు ఆయనకు ఆ బంధువు ఊద్‌పై వాయించిన ఈ పాట జ్ఞప్తికి వచ్చెననియు చెప్పుదురు. ఆయన దానిని లావు తీగపై అతివేగముగా మీటెను.

ఆ పాటలోని స్వరములను పరిశీలించితిని. షడ్జము, శుద్ధరిషభము, అంతరగాంధారము, శుద్ధమధ్యమము, పంచమము, శుద్ధధైవతము, కాకలినిషాదము. మీలో సంగీతము తెలిసినవారు ఈపాటికే గుర్తించియుందురు. ఇవి పదునైదవ మేళకర్తయైన మాయామాళవగౌళ స్వరములే. పురందరదాసు ఏర్పఱచెనని చెప్పబడు సరళీవరుసలను మన బాలబాలికలు మొదటినాడు పాడునది ఈ స్వరములతోనే. గమకములు వేఱు, పోకడ వేఱు, దేశము వేఱు. దానిని మన రాగమని చెప్పుట తగదు. అయినను మెట్లు అవియే. అటక యెక్కించిన వాద్యముపై ఆ పిల్లవాడు మీటుచుండినదియు ఇదియేయని తెలిసినప్పుడు నాకు సిగ్గు కలిగెను. నేను బాల్యమున గురువు నెదుట కూర్చుండి పలికిన ఏడు స్వరములనే వాడు గురువు లేక వెదకుకొనుచుండగా, నేను వానిని గోలయని త్రోసిపుచ్చితిని.

డేల్ ఒక్కడే కాదు. వాషింగ్టన్ రాష్ట్రములోని టకోమా నగరమున బాబ్ బోగిల్, డాన్ విల్సన్ అను ఇద్దఱు తాపీపనివారుండిరి. తాకట్టు దుకాణములో పాత గిటారులను కొని, ఒకరికొకరు తోడుగా నేర్చుకొనిరి. 1958లో వారు ప్రారంభించిన మేళమే వెంచర్స్ అను పేరుతో ప్రసిద్ధమయ్యెను. జానీ స్మిత్ అను జాజ్ విద్వాంసుడు కూర్చిన ఒక గతిని చెట్ అట్కిన్స్ రికార్డుపై విని, ఆ నిపుణుని వ్రేళ్ల పనితనము తమకు రానందున, దానిని తేలికచేసి తమ విధమున వాయించిరి. ఆ గతి పేరు “నడువుము, పరుగెత్తకుము” అను అర్థము గలది. విద్యార్థులకు ఇంతకంటె మంచి హితవు లేదు. కంపెనీలవారు ఆదరింపకపోగా, విల్సన్ తల్లి జోసీ పూనుకొని స్వంత రికార్డు సంస్థను ఏర్పఱచుటకు తోడ్పడెను. 1960లో ఆ రికార్డు అమెరికా దేశపు జాబితాలో రెండవ స్థానమున కెక్కెను. డేల్ విషయమునను ఇట్లే, ఆయన రికార్డులను మొదట వెలువరించిన డెల్‌టోన్ సంస్థ తండ్రి స్థాపించినదే. గురువు లేని పిల్లల వెనుక ఇంటి పెద్దయొకరు నిలిచియుండుట మీరు గమనింపుడు.

1963 నాటికి ఈ సంగీతము పాఠశాలలకు వ్యాపించెను. శాంటా ఆనా ఉన్నత పాఠశాల విద్యార్థులు కొందఱు చాంటేస్ అను మేళము కట్టి, పైప్‌లైన్ అను గతిని వాయింపగా, అది జాబితాలో నాలుగవ స్థానము నందెను. సర్ఫారిస్ అను మఱికొందఱు బాలురు ఒక చెక్క విఱిచిన చప్పుడుతో ప్రారంభమగు వైపౌట్ అను గతిని వాయించిరి. అది రెండవ స్థానమునకు వచ్చెను. వాహనపు కొట్టములలోను, ఇంటి వెనుక గదులలోను మేళములు వెలసినవి. వీరికి పాఠమెక్కడిది? రికార్డే పాఠము. నిమిషమునకు 33 చుట్లు తిరుగు రికార్డును దాదాపు 16 చుట్ల వేగమున త్రిప్పినచో పాట సగము వేగమున, ఒక స్థాయి క్రిందుగా వినబడును. శ్రుతి చెడక, స్వరములు విడివిడిగా తెలియును. పరుగెత్తు పాటను నడిపించి నేర్చుకొనుటకు ఇది మంచి యుపాయము.

వెంచర్స్‌వారు 1965లో గిటారు నేర్పుటకై ఒక రికార్డును వెలువరించిరి. అందులో మాటలతో పాఠము, వెంట చిత్రపటముల పుస్తకము, పిమ్మట విద్యార్థి తన భాగమును తాను వాయించుకొనుటకు వీలుగా తక్కిన వాద్యముల తోడ్పాటు నుండెను. తాకట్టు దుకాణములోని గిటారుతో తాము తడవుకొనుచు నేర్చిన దారిలో, వెనుక వచ్చువారికి దీపము పెట్టిరన్నమాట. నేడు మా పిల్లవాడు ఫోనులో చూచుచున్న పాఠములు ఈ రికార్డునకు మనుమల వంటివి.

పెద్దల తీర్పులను గుఱించి చెప్పుచుంటిని గదా. 1965లో వెంచర్స్ మేళము జపాను దేశమున పర్యటింపగా, అచ్చటి బాలురు వేలకొలది గిటారులు కొనిరి. ఆ సంవత్సరముననే ఆషికాగా పట్టణపు విద్యామండలి విద్యార్థులకు ఎలక్ట్రిక్ గిటారును నిషేధించెను. చదువు చెడునను భయమే కారణము. వారిని నేను నిందింపజాలను. నా అటక కూడ ఒక చిన్న విద్యామండలియే. కాని ఆ నిషేధము నిలువలేదు. టెరాఉచి టాకేషి అను జపాను గిటారు విద్వాంసుడు ఆ వాద్యముపైననే తన దేశపు జానపదగీతములను, ఐరోపా శాస్త్రీయకృతులను వాయించి, పాఠశాలలకు స్వయముగా వెళ్లి కచేరీలు చేసెను. వాదముచేత కాక వాద్యముచేత పెద్దలను ఒప్పించెను.

మన దేశమున ఇట్టిది జరుగలేదా? పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో జన్మించిన శ్రీనివాస్‌ను తలచుకొనుడు. మాండలిన్ విదేశవాద్యము. ఆఱేండ్ల ప్రాయమున తండ్రి సత్యనారాయణగారి మాండలిన్‌ను ఆ బాలుడు చేతబట్టెను. గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించుట రాదు. ఆయన పాడుచుండగా బాలుడు విని, ఆ గాత్రమును తీగపై ఎట్లు పలికింపవలయునో తానే వెదకుకొనెను. ఎలక్ట్రిక్ మాండలిన్‌పై కర్ణాటకసంగీతమును పలికించి లోకప్రఖ్యాతి గాంచి, 2014లో పరమపదించెను. ఈయనకు గురువున్నాడు; అయినను చేతికి దారి చూపువాడు లేడు. కాలిఫోర్నియా పిల్లలవలెనే ఆయన చెవియే చేతికి గురువయ్యెను. చెప్పువారికి వాద్యము తెలియకున్నను విద్య తెలిసియుండుట ఎంత మేలో ఈ కథ తెలుపుచున్నది.

అలల గిటారు వైభవము దీర్ఘకాలము నిలువలేదు. 1964లో ఇంగ్లండునుండి బీటిల్స్ వచ్చిన పిమ్మట అమెరికా యువకుల చెవులు అటు తిరిగెను. రాందెవూ నాట్యశాల 1966లో అగ్నికి ఆహుతియయ్యెను. డేల్ ఆ దశాబ్దముననే క్యాన్సరు వ్యాధి పాలై, కోలుకొని, చాలకాలము మఱుగున నుండెను. 1994లో పల్ప్ ఫిక్షన్ అను చలనచిత్రము మిసిర్లూతో ప్రారంభము కాగా, క్రొత్త తరమువారు ఆయనను మఱల కనుగొనిరి. వార్ధక్యమున వ్యాధులు పలు విధముల బాధించుచుండినను, వైద్యపు ఖర్చులకై ఊరూర వాయించుచునే యుండి, 2019 మార్చి నెలలో మరణించెను. స్వయంకృషికి ఆస్తి దొరకునని ఈ చరిత్ర హామీ యీయదు. పని దొరకును, పనిలో ప్రాణము దొరకును, అంతవఱకే.

మఱి మన సామెత మాట యేమి? అది అసత్యమని నేను చెప్పను. ఈ చరిత్రలో గురువు లేనివాడు ఒక్కడును నాకు కనబడలేదు. డేల్‌నకు బంధువు ఊద్, క్రూపా డోలు, లియో ఫెండర్ చెవి. వెంచర్స్‌వారికి అట్కిన్స్ రికార్డు. ఫెండర్‌నకు తన దుకాణమునకు వచ్చిన మేళగాండ్రు. గురువొకడు ఎదుట కూర్చుండలేదు గాని, గురుత్వము పదిచోట్ల చెదరియుండెను. దానిని ఏఱుకొని కూర్చుకొనుటయే స్వయముగా నేర్చుకొనుట. ఏకలవ్యుని కథలో దోషము నేర్చుకొనుటలో లేదు. అడుగరాని దక్షిణ నడిగిన పెద్దవానియందున్నది. నేను పిల్లవాని వ్రేలు కోయలేదు, నిజమే. కాని వాద్యమును అటక యెక్కించుటకును, వ్రేలు కోయుటకును నడుమ ఎంత దూరమున్నదో మీరే యోచింపుడు.

క్రిందటి మాసమున నేనే నిచ్చెన వేసికొని ఆ గిటారును దింపితిని. తీగలు త్రుప్పు పట్టినవి. పిల్లవాడు మాఱు మాటలేక క్రొత్త తీగలు తెచ్చి కట్టెను. “నీకు మిసిర్లూ వచ్చును గదా, ఆ స్వరములనే మెల్లగా, ఒక్కొక్కటిగా మీటుము” అంటిని. వాడు మీటెను. నేను చాపపై కూర్చుండి, ఏబది యేండ్ల క్రిందట విడిచిన సరళీవరుసను గొంతు సవరించుకొని పాడితిని. మొదట ఇద్దఱకును కుదరలేదు. నా శ్రుతి వేఱు, వాని శ్రుతి వేఱు. వాడు తీగను కొంచెము సడలించెను, నేను గొంతును కొంచెము పెంచితిని. మూడవ కాలమున నేను వెనుకబడితిని. “నిలువుము తాతయ్యా, మఱల మొదటినుండి నడుతము” అని వాడనెను.

మీ యిండ్లలోను అటకలుండును. వానిమీద ఏమేమి యున్నవో ఒకమారు చూచుకొనుడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.